చిన్నాయన ఎడమ చేయి

మా చిన్నాయన సంగారెడ్డి గంజ్‌లో పేరుమోసిన బేరగాడు. ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఎందుకంటే ఆయనను బజారుకు పంపి ఒక అగ్గిపెట్టె తెప్పించుకోవడం కూడా మా వల్ల అయ్యేది కాదు. చేతిలో పెట్టినదంతా దుకాణంవాడికి ఇచ్చేసి, అగ్గిపెట్టె అక్కడే మరిచిపోయి, దారిలో కనబడిన మేకపిల్ల వెంట వెళ్లిపోయేవాడు. అప్పటికే నలభై దాటిన మనిషి. తెల్లని ధోతి, భుజం మీద మడతపెట్టిన తువ్వాల, నుదుట బొట్టు. చూస్తే ఎవరైనా లేచి నిలబడాల్సిందే. గంజ్‌లో ఎవరిని కదిపినా "ఆయన నోరు తెరవడు గని, బేరంల మస్తు గట్టోడు" అనేవాళ్లు.

ఈ రెండు సంగతులూ ఒకే మనిషికి ఎలా అతుకుతాయో నాకు బోధపడేది కాదు. నాకేమో ఏదైనా తెలియకపోతే అన్నం సహించదు. పుట్టుకతో వచ్చిన రోగం అది. బాపమ్మను అడిగితే "నీకెందుకే? పోయి పొయ్యి మీద పాలు సూడు" అని కసిరేది. ఆ ఇంట్లో నా ప్రశ్నల వల్ల పొంగిపోని పాలు లేవు.

ఇంట్లో ఉన్నది మేం నలుగురం. బాపమ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి. నాన్నను నేను బాపు అనేదాన్ని. ఆయన తమ్ముడే చిన్నాయన. నాలుగోదాన్ని నేను. అమ్మ నాకు ఊహ తెలియక ముందే పోయింది, నన్ను పెంచింది బాపమ్మే. వీధి వైపు అడ్తి దుకాణం, వెనక ఇల్లు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు బండ్ల మీద తెచ్చే బెల్లం, చింతపండు, మిరపకాయలు కొనేవాళ్లకు కుదిర్చి అమ్మిపెట్టడం మా పని. తాత పెట్టిన దుకాణం అది. తాత పోయాక బాపు నడిపాడు.

అప్పట్లో గంజ్‌లో బేరం నోటితో చేసేవాళ్లు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ పక్కపక్కన కూర్చునేవాళ్లు. బేరం కావాలనుకున్నవాడు తన భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పేవాడు. ఆ తర్వాత మాటలన్నీ వేళ్లవే. పట్టుకున్న వేళ్లను బట్టి ధర. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా లోపల ఏం జరుగుతున్నదో ఒక్కడికీ తెలియదు. ఎదుటివాడు ఏ వేళ్లు నొక్కాడో తిరిగి అవే నొక్కితే ఒప్పుకున్నట్టు. చివర చేయి మొత్తం పట్టుకుని ఒక్క ఊపు ఊపితే ఖాయం. ఆ ఊపు తర్వాత కన్నతండ్రి వచ్చి అడ్డుపడినా బేరం తిరగదు.

మా దుకాణంలో తువ్వాల కింద వేళ్లు నొక్కే పని చిన్నాయనది. ఆయన మధ్యలో కూర్చుంటే కుడి పక్కన కొనే సేటు, ఎడమ పక్కన తాత. తాత పోయాక ఎడమ పక్కన బాపు కూర్చునేవాడు. అలా ఆనుకుని ఎందుకు కూర్చుంటారని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇరుకు దుకాణం, అంతా బస్తాలే, ఎవరైనా అలాగే కూర్చోవాలి కదా!

తాత పోయే ముందు ఒక పని చేశాడు. పటాన్‌చెరు దాటాక రోడ్డు పక్కన ఉన్న జొన్న చేనును చిన్నాయన పేరు మీద రాశాడు. పెద్ద కొడుకుకు దుకాణం ఉంది, చిన్నవాడికి చేను అన్నం పెడుతుందని ఆయన లెక్క. డెబ్బైలు వచ్చేసరికి ఆ రోడ్డు ముఖమే మారిపోయింది. జొన్న ఉన్నచోట ప్రహరీ గోడలు లేచాయి, గోడల వెనక పొగగొట్టాలు లేచాయి. బస్సులో కూర్చుంటే పక్క సీట్లో హిందీ, వెనక సీట్లో ఇంకేదో భాష. ఫ్యాక్టరీ పెట్టడానికి జాగా కావాలని వచ్చేవాళ్లు, వాళ్లకు జాగా చూపించే దలాల్‌లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారు.

అలాంటి దలాల్ ఒకడు ఒక మధ్యాహ్నం మా దుకాణానికి వచ్చాడు. బాపు సదాశివపేట పోయి ఉన్నాడు. బాపమ్మ కునుకు తీస్తోంది. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న రోజులవి. పెరట్లో బట్టలు ఆరేసి వచ్చేసరికి చిన్నాయన ఒక్కడే గద్దె మీద కూర్చుని తన బొటనవేలును అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"సూడు, నీలం!" అన్నాడు నాకు చూపించి. వేలు నిండా సిరా. ఎంత సంబరమో ఆ ముఖంలో!

సాయంత్రం బాపు వచ్చి ఆ వేలు చూసి కూలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే పటాన్‌చెరు పోయి దలాల్‌ను పట్టుకొచ్చాడు. ఆ మనిషి దొంగలా ఏం లేడు. దర్జాగా వచ్చాడు, దర్జాగా కూర్చున్నాడు. చేను అమ్ముతానని చిన్నాయన వేలిముద్ర వేసిన కాగితం జేబులో ఉంది. "గట్ల చూస్తరేంది సేటు? నా తువ్వాలనే కప్పిన. ఒక్క ధర చెప్పిన, మీ తమ్ముడు గదే ధర తిప్పి చెప్పిండు. చెయ్యి ఊపిండు. గింత జల్దీ ఒప్పుకుంటడని నేను గూడ అనుకోలే. గంజ్ మొత్తం ఆయన బేరం చూసిందే గద! మాట తప్పుతరా?" అన్నాడు.

ఎప్పుడూ ఇల్లెగిరిపోయేలా అరిచే బాపు నెత్తికి చేతులు పెట్టుకుని కూర్చుంటే నాకు భయం వేసింది. అసలు ఏమైందో ఎవరూ చెప్పరే!

ఆ రోజు బాపమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నేనూ ఎదురుగా కూర్చుని, చెప్పేదాకా లేవనన్నాను. గింజలు తీస్తూనే చెప్పింది.

"వాని ఎడమ చేతిల మీ తాత చెయ్యి ఉంటుండె. కొనేటోడు కుడి చేతిల ఏది నొక్కితే వాడు ఎడమ చేత్తోని మీ తాతకు గదే చెప్తుండె. మీ తాత ఎడమ చేతిల ఏది నొక్కితే వాడు కుడి చేత్తోని గదే నొక్కుతుండె. గంతే. లెక్క తాతది, చెయ్యి వానిది."

"ఎందుకు బాపమ్మా? తాతే చేసుకోవచ్చు కదా?"

"పోరి! పెండ్లి లేదు, సదువు లేదు. గంజ్‌ల నలుగురు వానికి నమస్తే పెట్టాలని ఉండదా తండ్రికి?"

అప్పుడు తెలిసింది నాకు. దలాల్ వచ్చిన రోజు చిన్నాయన ఎడమ పక్కన ఎవరూ లేరు. ఎడమ చేతికి ఏమీ అందలేదు. కుడి చేతికి దలాల్ చెప్పింది అందింది, తిరిగి అదే చెప్పాడు. అది గంజ్ భాషలో ఒప్పుకోవడం! నాకు ఆ క్షణాన నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. తాత మీద కోపం కూడా వచ్చింది. ఊరందరి ముందూ కొడుకు తలెత్తుకు తిరగాలని ఆడిన నాటకం చివరికి ఆ కొడుకు చేనుకే ఎసరు పెట్టింది.

చేను పోతే చిన్నాయనకు ఏమీ లేదు. బాపు ఉన్నన్నాళ్లు బాపు చూస్తాడు, ఆ తర్వాత? అదే మాట వకీల్ సాబ్ అడిగాడు. కోర్టు ఎదుట వీధిలో ఉండే పెద్దాయన, షేర్వాణీ వేసుకుని, నోట్లో పాన్‌తో, మా తాత కాలం నుంచి మాకు తెలిసినవాడు.

"రాస్తా ఒక్కటే ఉంది సేట్. ఈయనకు తన వ్యవహారాలు చూసుకునే అఖల్ పుట్టినప్పటి నుంచి లేదని కోర్టుల దరఖాస్తు పెట్టాలె. జడ్జి సాబ్ ఈయనను ముందల కూసోపెట్టుకొని సవాళ్లు అడుగుతరు. నిజమే అనిపిస్తే మనిషికి ఒక వలీని పెడతరు, ఆస్తికి ఒక వలీని పెడతరు. అప్పుడు ఆ కాగితం నిలవదు."

వలీ అంటే సంరక్షకుడు. పసిపిల్లలకు ఉంటారని తెలుసు. తల నెరుస్తున్న మనిషికి కోర్టు సంరక్షకుణ్ణి పెడుతుందన్నది నేను అప్పుడే వినడం. నా ప్రశ్నలు మొదలయ్యాయి. ఎంత తెలియకపోతే తెలియనట్టు? బాపుకు తన ధోతి ఏ పెట్టెలో ఉందో తెలియదు, కాఫీ పెట్టుకోవడం రాదు, మరి ఆయనకు వలీ అక్కర్లేదా? వకీల్ సాబ్ పాన్ నములుతూ పెద్దగా నవ్వాడు. "మీ బాపుకు వలీ మీ బాపమ్మ, బిడ్డా. దానికి కోర్టు హుకుం అక్కర్లేదు."

బాపమ్మ మాత్రం నవ్వలేదు. దరఖాస్తు మాట ఎత్తగానే మండిపడింది. "నా కొడుకు పిచ్చోడని కోర్టుల రాసిస్తవా? నేనే పోయి చెప్పాల్నా? గంజ్ అంతా నవ్వదా? చేను పోతే పోనీ!"

వకీల్ సాబ్ గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరున్నన్ని రోజులు చేను లేకున్నా నడుస్తది. మీ తర్వాత ఈయన సంగతేంది?"

బాపమ్మ లేచి లోపలికి పోయింది. కాసేపటికి తిరిగొచ్చి, ఏ రోజు పోవాలో చెప్పమంది.

ముందు పట్నంలో డాక్టరు చూశాడు, రాసిచ్చాడు. తర్వాత జడ్జి ముందుకు పోయే రోజు వచ్చింది. ఆ పొద్దున బాపమ్మ చేసిన హడావిడి చూడాలి! చిన్నాయనకు తలంటు పోసింది. కొత్త ధోతి కట్టించింది. గంధం పెట్టింది. భుజం మీద ఇస్త్రీ తువ్వాల వేసింది. పెళ్లిచూపులకు తీసుకుపోతున్నామా అనిపించింది నాకు. బాపు పళ్లు నూరుతూ, "అమ్మా, గింత తయారు చేస్తే జడ్జి నమ్ముతడా?" అన్నాడు.

"మరి గోచితోని తీస్కపోవాల్నా?" అంది బాపమ్మ.

జడ్జిగారు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. మెత్తని మనిషి. నలుగురిలో చూపించడం బాగుండదని వకీల్ సాబ్ అడిగితే విచారణ తన గదిలోనే పెట్టాడు. గోడవారగా బెంచీ మీద చిన్నాయన, ఆయనకు ఎడమ పక్కన బాపమ్మ, ఆ పక్కన నేను. ఎదుటి బెంచీ మీద బాపు. తలుపు దగ్గర కుర్చీలో దలాల్. అతని వాదన ఒకటే, ఈ మనిషి నిక్షేపంలా ఉన్నాడు, ఇదంతా మాట తప్పడానికి వేసిన వేషం.

"ఈవిడ ఎవరండీ మీకు?" అన్నాడు జడ్జిగారు.

"అమ్మ," అన్నాడు చిన్నాయన.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"నలుగురు."

నేను ఉలిక్కిపడ్డాను. చిన్నాయనకు రెండు దాటి లెక్క రాదు. బాపు నోరు తెరుచుకుపోయింది.

"అదిగో, తలుపు దగ్గర కూర్చున్నాయన తెలుసా?"

"అవ్."

"ఆయనకు చేను అమ్మారా?"

"లేదు."

ఎంత స్పష్టంగా చెప్పాడో! తలుపు దగ్గర దలాల్ గట్టిగా నవ్వి, "చూసిన్రా సార్? నాకన్న మంచిగ మాట్లాడుతుండు!" అన్నాడు. జడ్జిగారు కళ్లజోడు తీసి వకీల్ సాబ్ వైపు చూశాడు. "ఏమండీ, అన్నీ సరిగ్గానే చెబుతున్నారే. ఈయనకు సంరక్షకుడెందుకు?"

వకీల్ సాబ్ ముఖం పాలిపోయింది. నాకు మాత్రం పక్కనే బాపమ్మ కొంగు కనిపిస్తోంది. ఇద్దరి మధ్య బెంచీ మీద పరిచి ఉంది ఆ కొంగు. దాని కింద ఏదో కదులుతోంది. ఇంటికి చుట్టాలొస్తే చిన్నాయన పక్కనే బాపమ్మ ఎందుకు అతుక్కుని కూర్చుంటుందో, ఆయన "అవ్", "లేదు" అని తడుముకోకుండా ఎలా చెబుతాడో అప్పుడర్థమైంది. బొటనవేలు నొక్కితే అవ్, చిటికెన వేలు నొక్కితే లేదు. నాలుగు వేళ్లూ కలిపి పట్టుకుంటే నలుగురు, లెక్క రాకున్నా ఆ పట్టుకు ఆ మాట అని నేర్పింది. తాత దుకాణంలో చేసింది బాపమ్మ ఇంట్లో చేసింది.

"బాపమ్మా! ఏం చేస్తున్నవ్?" అన్నాను ఆమె చెవిలో.

"ఏమోనే," అంది. "ఎవలన్న అడిగితే చెయ్యి ఊకుంటలేదు."

నిజంగానే అన్నది ఆ మాట. కొడుకును కాపాడుకోవడానికే వచ్చింది. కొడుక్కు ఏమీ రాదని రుజువైతేనే కొడుకు చేను దక్కుతుందని తెలుసు. కానీ పరాయివాడు ప్రశ్న అడిగితే కొడుకు నోరు వెళ్లబెట్టుకుని కూర్చోవడం ఆమె ఒక్కసారైనా భరించిన మనిషి కాదు.

జడ్జిగారు మా గుసగుసలు చూసి, "ఏమిటమ్మా?" అన్నాడు. బాపమ్మ కొంగు లాక్కుంది. కింద ఇద్దరి చేతులూ బయటపడ్డాయి. ఆమె తన చేయి మెల్లగా విడిపించుకుని లేచి నిలబడింది.

"అన్నీ నేనే చెప్పిన సారూ. వానికేం తెల్వదు. పుట్టినప్పటి సంది తెల్వదు. దుకాణంల గూడ ఎన్నడు బేరం చెయ్యలె. తండ్రి చేసిండు, అన్న చేసిండు. వానికి లెక్క రాదు." ఇక అక్కడ నిలబడలేక, గది అవతలి మూలకు పోయి స్టూలు మీద కూర్చుంది.

చిన్నాయన ఎడమ చేయి బెంచీ మీద అలాగే తెరుచుకుని ఉంది.

"మీ పేరేమిటి?" అన్నాడు జడ్జిగారు.

చిన్నాయన తన అరచేతిలోకి చూసుకున్నాడు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారన్నారు?"

మళ్లీ అరచేతిలోకి చూసుకున్నాడు. గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. దలాల్ కూడా నవ్వడం మానేశాడు. బాపు గోడకేసి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

జడ్జిగారు ఏదో రాసుకున్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "ఇది ఒక్కటి చెప్పండి చాలు. మీకు ఎవరి దగ్గర ఉండాలని ఉంది?" అన్నాడు.

చిన్నాయన లేచాడు. గది దాటి మూలకు పోయి స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు. భుజం మీది ఇస్త్రీ తువ్వాల తీశాడు. మడత విప్పాడు. బాపమ్మ చేయి తన చేతిలోకి తీసుకుని రెంటి మీదా తువ్వాల కప్పాడు. తువ్వాల ఒక్కసారి గట్టిగా ఊగింది.

"ఏం చేస్తున్నారాయన?" అన్నాడు జడ్జిగారు.

వకీల్ సాబ్ నోరు తెరిచేలోపే తలుపు దగ్గర నుంచి జవాబు వచ్చింది. చెప్పింది దలాల్.

"బేరం ఖాయం జేస్తుండు సార్." అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చూపు తువ్వాల మీదే ఉంది. "తువ్వాల కప్పినోడే బేరం అడిగినోడు. నా దగ్గర నేనే కప్పిన. గంజ్‌ల గూడ వాళ్ల నాయిననో, కొనేటోడో కప్పుడే చూసిన. ఈయన భుజం మీది తువ్వాల కిందికి దిగుడు నేను ఎన్నడు చూడలె."

"అంటే?"

"అంటే ఏమున్నది సార్... ఈయన నన్నేం అడగలె. అడిగింది గీ తల్లినే."

అతను కాగితం మీద ఆశ వదులుకున్నాడు. రెండు నెలలు మా దుకాణం ముందు నుంచి పోతూ మా వైపు చూడలేదు, ఆ తర్వాత ఆగి చాయ్ తాగాడు.

హుకుం వచ్చింది. మనిషికి వలీ బాపమ్మ, ఆస్తికి బాపు. కోర్టును అడగకుండా చేను అమ్మడానికి బాపుకు కూడా వీల్లేదు. అందులో చిన్నాయనను ఏమని రాశారో చదివి చెప్పమని బాపమ్మ నన్నడిగింది. ఇంగ్లీషులో ఉన్న ఆ మాట మంచి మాట కాదు. "నువ్వు దగ్గరుండి చూసుకోవాల్సిన మనిషి అని రాసిన్రు" అన్నాను. ఆ అబద్ధం ఆడినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు.

ఆ రోజు కోర్టు మెట్లు దిగుతుంటే చిన్నాయన తల్లిని, "మంచిగ చెప్పిన్నా?" అని అడిగాడు. చుట్టాలు వెళ్లిపోయాక ఎప్పుడూ అడిగే మాటే.

"మంచిగ చెప్పినవ్ కొడుకా. గీసారి నేనేం చెప్పలె. నువ్వే చెప్పినవ్," అంది బాపమ్మ. అని మెట్టు మీదే కూర్చుని ఏడ్చింది.

కొన్నేళ్లకు బాపమ్మ పోయింది. నాకు ఆ ఊళ్లోనే సంబంధం కుదిరి, రెండు వీధుల అవతల కాపురం. వకీల్ సాబ్ కబురు పంపాడు, వలీ లేకుండా ఉండకూడదు, కొత్తగా ఎవరి పేరో రాసివ్వాలని. బాపు తన పేరు రాద్దామన్నాడు. కానీ బాపు గొంతు లేస్తే చిన్నాయన బస్తాల వెనక దాక్కుంటాడు. నా పేరు రాయమని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. రోజూ పోయి ఆయన ఎడమ పక్కన కూర్చునేదాన్ని. ఆ అరచేయి పట్టుకుందామని ఎంత అనిపించేదో! పట్టుకోలేదు. పట్టుకుంటే, ఇంక ఆయన నేను నొక్కిందే తిప్పి చెబుతాడు. అది ఆయన మాట కాదు కదా. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇంటికి పోదామని లేస్తుంటే చిన్నాయన నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టాడు. వీధిలో లారీ ఏదో పోతోంది, దుమ్ము లోపలిదాకా వచ్చింది. ఆయన భుజం మీది తువ్వాల తీసి, దుమ్ము దులిపి, మా ఇద్దరి చేతుల మీదా కప్పాడు.